పందెం కుక్క పాదాలకు గోరింటాకు

పందెం కుక్కల పాదాలకు గోరింటాకు పెడతారని అరవై అయిదేళ్లు వచ్చేదాకా నాకు తెలియదు. ఆ గోరింటాకు మూలంగా, సరిగ్గా చెప్పాలంటే దాన్ని నేను శ్రద్ధగా ఫోటో తీసిన మూలంగా, ఒక మనిషి బతుకుతెరువు పోయేంత పని జరిగింది. ఆయన ఇప్పుడు ఈ దేశంలో లేడు. కాంట్రాక్టు ముగించుకుని జగిత్యాల దగ్గరి తన ఊరికి వెళ్లిపోయాడు. ఆయన్ని అడిగే ఇది రాస్తున్నాను. "రాయుండ్రి సార్, ఇగ నన్నేం జేస్తరు" అన్నాడు ఫోన్లో.

నాకు డైరీ అలవాటు యాభై ఏళ్లనాటిది. అబుదాబీలో ఒక కన్‌స్ట్రక్షన్ కంపెనీ క్యాంపు ఆఫీసులో చేశాను. నా పని కార్మికుల పర్సనల్ ఫైళ్లు చూడడం. పేరు, తండ్రి పేరు, పాస్‌పోర్టు నంబరు, చివర్లో గుర్తింపు చిహ్నాలు. ఈ చివరి గడిని చాలామంది గుమాస్తాలు ఖాళీగా వదిలేసేవారు. నేను వదల్లేదు. మన పదో తరగతి సర్టిఫికెట్లలో రాసినట్టే ప్రతి మనిషికీ రెండు పుట్టుమచ్చలో, దెబ్బల గుర్తులో చూసి రాసేవాణ్ణి. "అంగీ ఇప్పాల్నా సార్, ఇది నౌకరియా పెండ్లిచూపులా" అని నవ్వేవాళ్లు. ఒకసారి సైటు మీద ప్రమాదం జరిగి ఒక మనిషిని పోల్చుకోవాల్సి వచ్చినప్పుడు, నేను రాసి ఉంచిన మోచేతి మచ్చే పనికొచ్చింది. ఆ రోజు నుంచి నా రాత మీద నాకు గట్టి నమ్మకం. నమ్మకం అంటున్నాను కానీ అది గర్వమే.

కరోనా వచ్చిన ఏడాది నన్ను రిటైర్ చేశారు. మా అమ్మాయి ఇక్కడే ఆసుపత్రిలో నర్సు కావడంతో ఆమె వీసా మీద నేనూ నా భార్యా అబుదాబీ శివారు బనియాస్‌లో ఉండిపోయాం. ఆంక్షలు సడలాక రోజూ పొద్దున్నే బనియాస్ దాటి, ఇళ్లు ఆగిపోయి ఇసుక మొదలయ్యే చోటికి కారులో వెళ్లి నడిచేవాణ్ణి. అక్కడే ఒక ఒంటెల కంచె పక్కన మొదటి కుక్కను చూశాను. సన్నగా, పొడుగ్గా, చెవులకు పట్టుకుచ్చుల్లాంటి వెంట్రుకలు. వెనక కాలు విరిగి వేలాడుతోంది. మెడ వెనక రూపాయి బిళ్లంత గాయం. నేను దగ్గరికి వెళితే లేవలేదు, మొరగలేదు, తోక ఒక్కసారి ఇసుక మీద కొట్టింది.

మా అమ్మాయి ఎవరెవరికో ఫోన్లు చేసి ఒక షెల్టర్ నంబరు పట్టుకుంది. గంటలో ఒక యూరప్ ఆవిడ దుప్పటి తీసుకుని వచ్చింది. ఆ షెల్టర్ నడిపేది ఆవిడే. నగరం బయట ఒక పాత విల్లాలో, వీధిన పడ్డ సలూకీలకు, అంటే ఈ జాతి పందెం కుక్కలకు, వైద్యం చేయించి, పెంచుకునేవాళ్లను వెతికి పంపిస్తుంది. మేడమ్ అనే పిలుస్తాను. ఆవిడ ఆ మెడ గాయం చూసి, "చిప్పు కోసి తీసేశారు" అంది. ఇక్కడ పెంపుడు కుక్కల చర్మం కింద బియ్యపు గింజంత చిప్పు పెడతారు. దాన్ని మిషన్‌తో చదివితే ఎవరి కుక్కో తెలిసిపోతుంది. తెలియకూడదని కోసేశారు. కోయించినవాడికి కుక్కను ఎక్కడ వదలాలో తెలుసు, ఎలా తప్పించుకోవాలో తెలుసు. ఒక్క చిన్న పని తెలియలేదు, లేదా మనసొప్పలేదు: ఇంట్లో ఒక మూల దానికి చోటివ్వడం.

ఆ కోపంతోనే షెల్టర్‌కి వెళ్లడం మొదలుపెట్టాను. బోన్లు కడగడానికి నా నడుము ఒప్పుకోలేదు. ఫైళ్లు రాస్తానన్నాను. అప్పటిదాకా అక్కడ కుక్కల వివరాలు మేడమ్ ఫోన్లోనూ, గోడ మీద కాగితాల మీదా ఉండేవి. నేను ఒక్కో కుక్కకు ఒక్కో ఫైలు పెట్టాను. దొరికిన చోటు, దొరికిన తేదీ, బరువు, గాయాలు, సూదులు. చివర్లో గుర్తింపు చిహ్నాలు. నాలుగు వైపుల నుంచీ ఫోటోలు.

ఇక్కడి పందేల గురించి తెలియనివారికి ఒక మాట. చలికాలంలో పొడవాటి ఇసుక దారి మీద సలూకీలను పరిగెత్తిస్తారు. ముందు ఒక బండి ఎరను ఈడ్చుకుపోతుంది, దాని వెనక కుక్కలు, పక్కనే హారన్లు కొడుతూ యజమానుల బండ్లు. చూడడానికి నిజంగానే అందంగా ఉంటుంది. తరతరాలుగా ఈ కుక్కలతో వేటాడి బతికిన వాళ్ల నేల ఇది. ఒక ముసలి ఎమిరాతీ తన గుడ్డి సలూకీని ముందు సీట్లో కూర్చోబెట్టుకుని టీ తాగడానికి తీసుకురావడం నేనే చూశాను. నా కోపం పందెం మీద కాదు, ఈ నేల మనుషుల మీద కాదు. కుక్క వేగం తగ్గిన రోజే దాని బతుకూ అయిపోయిందని లెక్కవేసే కొందరి మీద. ప్రతి ఏడాదీ మార్చి వచ్చి సీజన్ ముగియగానే షెల్టర్ ఫోన్ ఆగకుండా మోగుతుంది. అంతకన్నా రుజువు ఇంకేం కావాలి?

జగిత్యాల ఆయన నాకు పరిచయమైంది అలాంటి ఒక మార్చిలోనే. బనియాస్‌లో కూరగాయలు కొంటుంటే పక్కన నిలబడి నా ప్యాంటుకు అంటుకున్న తెల్ల వెంట్రుకల వంక చూస్తున్నాడు. నలభై అయిదేళ్లు ఉంటాయి. చేతి వేళ్ల చివర్లు ఎర్రగా ఉన్నాయి.

"సార్, మీరు కుక్కల మేడం తాన ఫైళ్లు రాస్తరట గద."

"ఎవరు చెప్పారు?"

"బనియాస్ల తెలుగోళ్లం గింతమందిమి. కుక్కల సారంటే మీరేనని అందరికెర్కే."

ఆయన పందెం కుక్కలు పెంచే ఒక ఫారంలో కాపరి. పదకొండు సలూకీలకు తిండి, స్నానం, పొద్దున నడక, పందేలకు తయారు చేయడం అన్నీ ఆయనే. ఫారం యజమాని నెలకోసారి వస్తాడు. మిగతా రోజులు అన్నీ ముదీర్, అంటే మేనేజరు, చెప్పినట్టే. నన్ను షాపు బయటికి తీసుకువెళ్లి ఎండలో నిలబెట్టి సంగతి చెప్పాడు.

"ఒకదానికి ముందటి కాలు గుంజుతున్నది సార్. ఇగ ఉరకది. ముదీర్ ఖలాస్ చెయ్యిమన్నడు."

"ఖలాస్ అంటే?"

"పికప్ల ఏసుకపోయి ఇసుకల దింపి రావాలె. దూరం. నీళ్లు లేని కాడ." కొంచెం ఆగి, నా మొహం చూడకుండా అన్నాడు. "ఇదివరకు రెండిటిని దింపిన. అబద్ధమెందుకు. దింపి నేను ఎనకకు మర్రితే బండెనక ఉరికొచ్చినయ్. శానా దూరం ఉరికొచ్చినయ్ సార్. బండెనక ఉరుకుడే నేర్పినం గద మేము."

చేతిలోని కూరగాయల సంచి కింద పెట్టాను.

"దీన్ని మాత్రం దింప. ఇది నా చేతుల పుట్టిన పిల్ల. మీకిస్త, తీసుకపోండ్రి. దింపిన్నని ముదీర్‌కు చెప్త. కని నా పేరు యాడ రాయొద్దు. పేరు బయటవడ్డదంటే దొంగతనమంటడు, కేసంటడు, వీసా కట్ చేస్తడు. నా బిడ్డ నర్సింగు చదువుతుంది సార్. ఇంక రెండేండ్లుంది."

"పేరు రాయను" అన్నాను. రాయలేదు. ఆ మాట నిలబెట్టుకున్నానని తర్వాత చాలా రోజులు నాకు నేను చెప్పుకున్నాను. కోర్టులో ప్లీడరు చెప్పే మాట లాంటిది అది.

శుక్రవారం పొద్దున, ఇంకా షాపులు తెరవకముందు, టైర్ల షాపు వెనక పికప్ ఆపాడు. కుక్కను రెండు చేతులతో ఎత్తి కిందికి దించాడు. లేత గోధుమరంగు ఆడకుక్క. కుడి ముందుకాలు నేలకు ఆనీ ఆనకుండా పెట్టింది. మెడ వెనక అదే గాయం, ఇంకా పచ్చిగా. చిప్పు ముదీరే ఎవరితోనో కోయించాడట. నాలుగు పాదాలూ ఎర్రగా పండి ఉన్నాయి. వంగి చూశాను. మన ఆడపిల్లల వేళ్లకు పెట్టినట్టు ప్రతి వేలుకీ టోపీ. ముందుకాళ్ల మీద, పాదానికి కాస్త పైన, గుండ్రటి చందమామ. దాని చుట్టూ చిన్న చిన్న చుక్కలు.

"ఇదేంటి తమ్ముడూ?"

"మైదాకు సార్. ఇక్కడోళ్లు మొత్తం పాదం పూస్తరు, అరికాలు గట్టివడుతదని. నేను జర సోకు జేస్త. మా అవ్వ నా చెల్లెండ్లకు గిట్లనే పెడుతుండె. ముదీర్ నవ్వుతడు, కుక్కలను పెండ్లిపిల్లలను జేసినవ్‌రా అని." కుక్క తల మీద చెయ్యి పెట్టి, "పో బిడ్డా, పో. సార్ మంచోడు" అని, వెనక్కి చూడకుండా బండి ఎక్కాడు. కుక్క ఆ బండి వెనక పరిగెత్తబోయింది. నేను పట్టీ గట్టిగా పట్టుకున్నాను. కుంటికాలుతోనే అది నన్ను నాలుగు అడుగులు లాక్కుపోయింది.

ఇదంతా ఆ రోజు డైరీలో రాశాను. పేరు లేదు. 'జగిత్యాల ఆయన' అని మాత్రమే ఉంది.

షెల్టర్‌లో ఫైలు తెరిచాను. గుర్తింపు చిహ్నాల గడి దగ్గరికి వచ్చేసరికి నాకు ఉత్సాహం వచ్చింది. ఇన్ని కుక్కల్లో ఇంత మంచి గుర్తు దేనికీ లేదు. తెల్ల తువ్వాలు పరిచి, దాని మీద కుక్క పాదం పెట్టించి, వెలుతురు చూసుకుని, చందమామ, చుక్కలు, వేళ్ల టోపీలు అన్నీ కనపడేలా దగ్గరి నుంచి ఫోటో తీశాను. మేడమ్‌కి అది ఎంత నచ్చిందంటే, పెంచుకునేవాళ్ల కోసం పెట్టే ప్రకటనలో అన్నిటికన్నా పైన అదే పెట్టింది. రెండు రోజుల్లో అది ఎక్కడెక్కడికో వెళ్లింది. నా ఫోటోను నేనే నాలుగైదుసార్లు తెరిచి చూసుకున్నాను.

కింద వ్యాఖ్యలు కూడా చదివాను. పాదాలు ముద్దొస్తున్నాయని కొందరు. ఇలాంటి కుక్కను వదిలేసిన పశువులెవరని ఇంకొందరు. ఒకామె రాసింది: ఈ ఫారాల్లో పనిచేసే ఆసియా కూలీలకు జంతువులంటే దయ ఉండదు, తన్నడం తప్ప ఏమీ తెలియదు అని. దాని కింద ఎంతోమంది ఔనని గుర్తులు పెట్టారు. ఆ కూలీ వేళ్ల చివర్లు ఎందుకు ఎర్రగా ఉంటాయో ఆమెకు తెలుసా? ఆ రంగు చూసి ముద్దొస్తోందని రాసినవాళ్లకు, ఆ రంగు అద్దిన చెయ్యి ఎవరిదన్న ఆలోచనే రాలేదు. జవాబు రాయబోయి ఆగిపోయాను. రాస్తే ఆయన బయటపడతాడని. అప్పటికే ఆయన్ని బయటపెట్టానని నాకు ఇంకా తెలియదు.

మర్నాడు ఫోన్ వచ్చింది.

"సార్, ఆ ఫోటో ఎవరు వెట్టిన్రు?"

ఆ గొంతు వినగానే నాకు అర్థమైంది. చిప్పు కోసేశారు కాబట్టి ఆ కుక్క ఎవరిదో ఎవరూ చెప్పలేరు. కానీ కుక్కల కాళ్ల మీద చందమామ పెట్టే కాపరి ఈ చుట్టుపక్కల ఒక్కడే. ఆ ఫారంలో మిగతా పది కుక్కల కాళ్ల మీదా అదే ఉంది. నేను మనిషి పేరు రాయకుండా మనిషి చేతిరాతను ఊరంతా చూపించాను.

ఫోటో ఫారం యజమాని కంటపడింది. ఆ కుక్క జబ్బు చేసి చచ్చిపోయిందని ముదీర్ ఆయనకు చెప్పి ఉన్నాడు. చచ్చిన కుక్క షెల్టర్‌లో తువ్వాలు మీద పాదం పెట్టుకుని ఎలా కూర్చుందని యజమాని అడిగాడు. తన అబద్ధం బయటపడకుండా ముదీర్‌కు ఒక దొంగ కావాల్సి వచ్చాడు. కాపరే కుక్కను మాయం చేసి, చచ్చిందని తనకు చెప్పి, షెల్టర్‌కి అమ్ముకున్నాడన్నాడు. షెల్టర్‌కి కూడా మెసేజ్ పెట్టాడు: అది మా కుక్క, మా పనివాడు దొంగిలించాడు, తిరిగి పంపండి, లేకపోతే పోలీసులకు చెబుతాం.

"ఏమన్నవ్ నువ్వు?" అని అడిగాను. కంగారులో ఆయన యాసే నా నోట్లోకి వచ్చింది.

"నీవు జెప్పినకాడనే దింపిన అన్న. ఇగ ఎవరు దెచ్చిన్రో నాకేమెర్క అన్న. పాస్‌పోర్టు తీసి టేబుల్ మీద వెట్టుకున్నడు సార్. ఎల్లుండి దాక టైమిచ్చిండు." ఫోన్ పెట్టేయబోతూ, "పేరు రాయనన్నరు గద సార్" అన్నాడు చివరికి. తిట్టినా బాగుండేది.

షెల్టర్‌కి పరిగెత్తాను. మేడమ్ వెంటనే ఫోటో తీసేసింది. అప్పటికే దాన్ని ఎంతమంది ఎక్కడ దాచుకున్నారో దేవుడికే తెలియాలి. తర్వాత ఆవిడ కళ్లు మెరిశాయి. ఈ కాపరి కథ ప్రపంచానికి చెప్పాలి, ఆయన హీరో అంది. చిప్పు కోయడం నేరం, వదిలేయడం నేరం, ఫిర్యాదు చేద్దామంది. ఆవిడ చెప్పిన ప్రతి మాటా న్యాయమే. అందుకే నాకు ఇంకా కోపం వచ్చింది.

"ఫిర్యాదుకు సాక్షి ఎవరు మేడమ్?" అన్నాను.

"అతనే."

"అతను సాక్ష్యం చెప్పిన మర్నాడు ఎక్కడ పడుకుంటాడు?"

మేడమ్ ఫిర్యాదు మాట వదిలేసింది. ఆవిడ చెడ్డ మనిషి కాదు. ఆమె దేశంలో హీరో అయినవాడికి ఉద్యోగం పోదేమో.

ఇంటికొచ్చి భార్యకు చెప్పాను. ఆమె పెసలు ఏరుతోంది. అంతా విని, పళ్లెం పక్కన పెట్టి తన కుడి అరచెయ్యి నా ముందు చాపింది. బాల్కనీలో కుండీలో పెంచే చెట్టు ఆకు రుబ్బి పదిరోజుల కిందట పెట్టుకుంది. అరచేతిలో చందమామ, చుట్టూ చుక్కలు, వేళ్లకు టోపీలు.

"ఆ చందమామ ఆయనొక్కడి సొత్తేంటండీ? మా అమ్మ పెట్టింది, మా అమ్మమ్మ పెట్టింది. నేనే పెట్టానంటే కాదని ఎవడు చెప్తాడు?"

"నువ్వు కుక్కకు గోరింటాకు పెట్టావా?"

"పెట్టకపోతే ఏం, పెట్టేదాన్నే. మీకు ఫైళ్ల పిచ్చి ఉన్నట్టే నాకు గోరింటాకు పిచ్చి. పదండి, చీర మార్చుకుంటాను."

మర్నాడు పొద్దున షెల్టర్ తరఫున మాట్లాడడానికి ఫారానికి వెళ్లాం. లేత గోధుమరంగు సలూకీలు ఈ దేశంలో బోలెడు. కుంటికాలు కుక్కలూ బోలెడు. చిప్పు లేదు. గుర్తు ఒక్క గోరింటాకే. అది కాస్తా మాదైతే కుక్క వాళ్లది కాదు. దారిలో ఆమె చేత నాలుగుసార్లు చెప్పించాను. ఎక్కడ దొరికింది? షహామా వైపు రోడ్డు పక్కన. ఎవరు పెట్టారు? నేను. ఎందుకు? ముచ్చటపడి. "పరీక్షకు పోతున్నట్టుంది, ఊరుకోండి" అని విసుక్కుంది.

ముదీర్ రేకుల షెడ్డు ముందు ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఉన్నాడు. ఇక్కడ అందరూ అందరితో మాట్లాడే హిందీలోనే మాట్లాడాడు. జగిత్యాల ఆయన కొంచెం అవతల నీళ్ల పైపు పట్టుకుని నిలబడ్డాడు. మమ్మల్ని ఎన్నడూ చూడనట్టు చూశాడు. జాలీ వెనక పది కుక్కలు, నలభై ఎర్రటి పాదాలు.

నా భార్య తనకు వచ్చిన హిందీ మొత్తం ఖర్చుపెట్టింది. కుక్క షహామా రోడ్డు పక్కన దొరికిందని చెప్పింది. "యే హమారా డిజైన్ హై భాయ్. హమారా పూరా గావ్ యహీ లగాతా" అని, మా ఊరంతా ఇదే పెట్టుకుంటారని చెయ్యి చాపింది. ముదీర్ ఆ అరచేతిని చూశాడు. జాలీ వెనకున్న కాళ్లను చూశాడు. మళ్లీ అరచేతిని చూశాడు. ఆయన మొహంలో మొదటిసారి తడబాటు కనిపించింది.

"ఎప్పుడు దొరికింది?" అని నన్ను అడిగాడు.

అప్పుడు నేను చేసిన పని తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. ఎవరైనా తేదీ అడిగితే డైరీ తీయడం నాకు ఊపిరి తీయడం లాంటిది. సంచిలోంచి డైరీ తీశాను. పేజీ తెరిచాను. తెరిచాక గుర్తొచ్చింది, అందులో ఉన్నదంతా నిజమని. మూయబోయాను. ముదీర్ చెయ్యి అప్పటికే దాని మీద ఉంది.

"ఇదేం భాష?"

"తెలుగు" అన్నాను.

ముదీర్ తిరిగి చూశాడు. "నువ్వు అక్కడివాడివేగా. ఇటు రా. చదువు."

జగిత్యాల ఆయన పైపు కింద పెట్టి, చేతులు లుంగీకి తుడుచుకుని వచ్చాడు. ఏడో తరగతి దాకా చదివానని చెప్పి ఉన్నాడు నాతో. డైరీ అందుకుని మొదటి వాక్యం మీద వేలు పెట్టాడు. అక్కడ ఏముందో నాకు అక్షరమక్షరం తెలుసు. 'శుక్రవారం. టైర్ల షాపు వెనక జగిత్యాల ఆయన కుక్కను దించాడు. రెండు చేతులా ఎత్తి, పసిబిడ్డను దించినట్టు దించాడు. పో బిడ్డా అన్నాడు. వెనక్కి చూడలేదు. చూసి ఉంటే వదలలేకపోయేవాడు.'

ఆయన వేలు మెల్లగా జరిగింది. పెదవులు కదిలాయి. ఒక్క క్షణం ఆగాడు. తర్వాత హిందీలో, పంతులు ముందు బడిపిల్లాడిలా, ఒక్కో మాటా కూడబలుక్కుంటూ చదివాడు. జుమ్మా రోజు. షహామా రోడ్డు పక్కన ఒక కుక్క కనిపించింది. కాలు కుంటుతోంది. తెచ్చి షెల్టర్‌లో ఇచ్చాం. మా ఇంటావిడ దానికి మెహందీ పెట్టింది. వరస చివరికి రాగానే ఆగుతున్నాడు, కింది వరసకు దిగుతున్నాడు. షహామా మాట నా భార్య అంతకుముందే చెప్పి ఉంది, అది పట్టుకున్నాడు. మిగతాది తనే అల్లాడు. తన గురించి నేను రాసిన వాక్యాల మీద వేలు నడిపిస్తూ, తాను లేని కథ చదివాడు. పేజీ తిప్పి, "ఇంతే ఉంది" అని డైరీ నాకిచ్చాడు. నా కళ్లలోకి చూడలేదు.

ముదీర్ కుర్చీలో వెనక్కి వాలాడు. నమ్మాడని నేను అనుకోను. నమ్మితే ఆయనకు లాభం, అంతే. అది వేరే కుక్కైతే, తమ కుక్క చచ్చిపోయిందని యజమానికి చెప్పిన మాట నిలబడుతుంది. మా అబద్ధం ఆయన అబద్ధానికి అతికినట్టు సరిపోయింది. "ఖలాస్. మాది కాదు. వెళ్లండి" అన్నాడు. ఆ ఖలాస్ వినగానే చెంప పగలగొట్టాలనిపించింది. థాంక్స్ చెప్పి వచ్చాను. యాభై ఏళ్లు నిజం రాసిన మనిషిని, దొంగకు థాంక్స్ చెప్పి వచ్చాను.

కారెక్కాక నా భార్య డైరీ లాక్కుని తన సంచిలో పెట్టుకుంది. బనియాస్ దగ్గరపడ్డాక అంది: "ఆ డైరీ ఇంకోసారి గుమ్మం దాటిందో, పొయ్యిలో పెడతాను."

పాస్‌పోర్టు టేబుల్ మీది నుంచి లేచింది. ఉద్యోగం నిలిచింది. కుక్క అన్ని సూదులూ, పరీక్షలూ అయ్యాక విమానంలో ఒక చలిదేశం వెళ్లింది. అది సోఫా మీద పడుకున్న ఫోటో మేడమ్ పంపింది. గోరింటాకు పూర్తిగా పోయి పాదాలు తెల్లగా ఉన్నాయి. ఆ ఫోటో జగిత్యాల ఆయనకు చూపిస్తే, "మంచిగ బలిసింది" అని మాత్రం అన్నాడు, సంతోషంగా.

ఇక్కడితో ఆపేస్తే మా ఇద్దరి తెలివి గురించి చెప్పుకున్నట్టవుతుంది. ముదీర్ మూర్ఖుడు కాడు. వారం తిరగకముందే జగిత్యాల ఆయనను కుక్కల దగ్గరి నుంచి తీసి మేకల దగ్గర వేశాడు. గోరింటాకు ఎవరూ పెట్టకూడదన్నాడు. పికప్ తాళం వేరే మనిషికి ఇచ్చాడు. ఆ మనిషి చెప్పింది చెప్పినట్టు చేస్తాడు. ఆ ఫారం కుక్కల కోసం మాకు తెరుచుకున్న ఒకే ఒక్క తలుపు జగిత్యాల ఆయన. దాన్ని మూసింది ముదీర్ ఒక్కడే కాదు. ఒక తెల్ల తువ్వాలు, మంచి వెలుతురు, నా గర్వం కూడా ఉన్నాయి అందులో.

మరుసటి ఏడాది మార్చిలో అదే కూరగాయల షాపు దగ్గర కలిశాడు.

"ఆ పేజీ చింపిన్రా సార్?"

"లేదు."

"చింపకుండ్రి. నా గురించి గంత మంచిగ ఎవలు రాసిండ్రు? కని ఎవలకు సూపియ్యకుండ్రి." నవ్వాడు. వెంటనే ఆ నవ్వు పోయింది. "ఈసారి మూడు పోయినయ్ సార్. ఆ కొత్తోడు యాడ దింపిండో చెప్పడు. నేను అడుగుతె, నీ మేకలు సూసుకో అన్నడు."

డైరీ తెచ్చుకోలేదు, నా భార్య మాట మీద. కూరగాయల కాగితం సంచి చింపి, దాని మీదే రాసుకున్నాను. ఆయన కళ్లు మూసుకుని చెప్పాడు. ఒకటి నల్లది, ఎడమ చెవి చివర చీలి ఉంటుంది. ఒకటి ఎర్రది, తోక కొస తెల్లన. మూడోది బూడిదరంగు, పిలిస్తే తల పక్కకు వంచి చూస్తుంది. "అది గుర్తు కిందికి రాదు గద సార్" అన్నాడు. వస్తుంది, రాస్తానన్నాను.

షెల్టర్‌లో మూడు ఫైళ్లు తెరిచాను. గుర్తింపు చిహ్నాలు నిండా రాశాను. దొరికిన చోటు, దొరికిన తేదీ ఖాళీగా ఉన్నాయి. ఇన్నేళ్లలో నేను ఖాళీగా వదిలిన గళ్లు అవే.

ఇప్పుడు పొద్దున నడక మానేశాను. బనియాస్ దాటాక రోడ్డు వదిలి, ఇసుక పక్కన కారును మెల్లగా, చాలా మెల్లగా నడుపుతాను. ముందుకు చూసి లాభం లేదు. బండి వెనక పరిగెత్తడం నేర్చిన కుక్కలవి. అద్దంలో చూస్తూ నడుపుతాను.